బయటి గడియ

రఘునాథ్ తెల్లకారు నా షాపు ముందు ఆగిన చోట పోయినవారం మనమూ ఆగాం. దిగినవాడు ఇంకా మెట్లెక్కలేదు. పక్కనున్న చెరుకురసం బండివాడితో గొడవ పెట్టుకున్నాడు, వాడి బండి తన కారుకు అడ్డమట. ఆ గొడవ తేలేలోపు, ఈ కథలోకి కొత్తగా వచ్చినవాళ్ళకు జరిగింది చెప్పేస్తాను.

నా పేరు సైమా. హిందూపురం రైల్వేస్టేషన్ రోడ్డులో టికెట్ల షాపు నాది. తొమ్మిదేళ్ళ కింద ధర్మవరంలో రఘునాథ్ అద్దకం షెడ్డు, అంటే పట్టునూలుకు రంగులేసే షెడ్డు, రాత్రిపూట కాలిపోయింది. లోపల రాత్రి పనిలో మా అన్న అయాజ్ ఉన్నాడు. పొయ్యి పక్కన బీడీ తాగి వాడే షెడ్డు తగలబెట్టాడని రఘునాథ్ చెప్పాడు. పోలీసులకు చెప్పాడు, పేపరువాళ్ళకు చెప్పాడు, ఊరందరికీ చెప్పాడు. బీడీ వాసన తగిలితేనే మా అన్నకు వాంతి వచ్చేది. అయినా మా మాట ఎవరికి కావాలి? ధర్మవరంలో మా నాయన ఖాజాసాబ్‌కు 'బీడీ ఖాజా' అని పేరు పడింది. కూరగాయల అంగట్లో కూడా అదే పేరుతో పిలిచేవాళ్ళు. ఆ పేరు మోయలేక పెనుకొండకు వచ్చేశాం.

అన్న బయటికి రాలేకపోయింది మంట వల్ల కాదు. తలుపుకు బయట గడియ వేసి ఉంది. రాత్రి పనివాళ్ళు నూలు దాటిస్తారని, వాళ్ళను లోపల పెట్టి బయట గడియ వేయించడం రఘునాథ్ అలవాటు. తలుపు పగలగొట్టి అన్న శవాన్ని బయటికి తెచ్చిన ఇద్దరు ఆ సంగతి మా నాయన చెవిలో చెప్పారు. పోలీసుల ముందు మాత్రం నోరు మెదపలేదు. వాళ్ళూ రఘునాథ్ దగ్గర బతకాల్సినవాళ్ళే. రోజూ గడియ వేసేవాడు వాచ్‌మన్ సాబ్జాన్, రొద్దం మనిషి. మంటలు ఆరేసరికి అతను ఊళ్ళో లేడు. అతను నోరు విప్పితే తప్ప మా మాట నీటి మీద రాత.

ఇప్పుడు రఘునాథ్ తన చీరలు అమ్మిపెట్టే షాపులవాళ్ళను భార్యాపిల్లలతో సహా ఓడలో తిప్పబోతున్నాడు. కొచ్చిలో ఎక్కి, సముద్రమంతా తిరిగి, మళ్ళీ కొచ్చిలో దిగడం. ఆ సంగతి తెలిసి, ఇంకెవరూ ఇవ్వని ధరకు నేనిస్తానని కబురు పంపాను. గాలం నాది, ఎర నాది, నష్టమూ నాదే. ఆ నష్టం నాకు ఇష్టమే.

నిన్నటిదాకా నేననుకున్నది చాలా చిన్న పని. ఓడ ఎక్కే ముందు రాత్రికి పాత కొచ్చిలో ఎక్కడో సందుల్లో ఒక హోటల్ చూసిపెట్టాలి. బస్సు లోపలికి రాకూడదు. పొద్దున పెట్టెలు మోసుకుని ఆ సందుల్లోంచి బయటపడేసరికి ఓడ వెళ్ళిపోవాలి. తెచ్చిన జనమంతా రేవులో నిలబడి ఒకేసారి తన ముఖం చూస్తే రఘునాథ్‌కు ఎలా ఉంటుందో నేను చూడాలి. ఇంతే నా కోరిక. చిన్నపిల్లల పగలా ఉంది కదా? నాకూ అలాగే అనిపించింది. కానీ పెద్ద పగ తీర్చుకునే దారి లేనివాళ్ళు చిన్న పగతోనే కడుపు నింపుకుంటారు.

ఈ పొద్దున ఆ పెద్ద దారి దొరికింది.

*

కంప్యూటర్లో పాత కొచ్చి హోటళ్ళు ఒక్కొక్కటే తీసి చూస్తున్నాను. ఒకదానికి లిఫ్టు ఉంది, కిటికీలోంచి ఎదురింటి గోడ తప్ప ఏమీ కనబడదు. ఇంకొకదాని ఫోటోల్లో గదులు మైదానాల్లా ఉన్నాయి, దిగినవాళ్ళు పెట్టిన ఫోటోల్లో అవే గదుల్లో మంచం చుట్టూ అడుగు పెట్టే చోటు లేదు. హోటలువాడి ఫోటోను నమ్మకూడదు, దిగి వచ్చినవాడి తిట్లు చదవాలి. ఈ పనిలో నేను నేర్చుకున్నది అదొక్కటే.

అట్లా తిట్లు చదువుతూ పోతుంటే 'పాండికశాల' అనే హోటల్ దగ్గర ఆగాను. మలయాళంలో ఆ మాటకు గోడౌన్ అని అర్థమట. ఒకప్పుడు మిరియాలు నిలవచేసిన పాత కట్టడాన్ని గదులుగా మార్చారు. బస్సు వెళ్ళదు, ఆటో కూడా కష్టమే. నాకు కావలసింది అదే. కింద బెంగళూరు అమ్మాయి ఒకామె రాసింది చదివాను. మంచాలు బాగున్నాయట, దోమలున్నాయట. 'ఇక్కడి వాచ్‌మన్ తాత చాలా మంచివాడు. చిన్నాపెద్దా అందరినీ ఏమబ్బా అని పిలుస్తాడు. అది ఏ భాషో మాకు తెలియలేదు.'

నాకు తెలుసు కదా అది ఏ భాషో!

ఆమె పెట్టిన ఫోటోలన్నీ తిరగేశాను. ఒకదాంట్లో వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చున్న మనిషి నవ్వుతున్నాడు. జుట్టు నెరిసింది, చెంపలు లోపలికి పోయాయి. అయినా గుర్తుపట్టకుండా ఎలా ఉంటాను? ధర్మవరంలో నా సైకిలు వెనక పరిగెత్తి నాకు తొక్కడం నేర్పిన మనిషి. సాబ్జాన్ మామ.

ఎంతసేపు ఏడ్చానో తెలియదు. ఏడుపు తర్వాత నవ్వొచ్చింది, ఎందుకంటే మేం చేసిన తప్పు ఏమిటో అప్పుడు అర్థమైంది. పారిపోయిన ఏడాది సాబ్జాన్ రొద్దంలో ఉన్న వాళ్ళమ్మకు ఒక్కసారి ఫోన్ చేశాడు. "కొచ్చిలో హోటల్లో పనిచేస్తాండా" అన్నాడు. అంతే, మళ్ళీ చేయలేదు. ఆ మాట పట్టుకుని నాయన కొచ్చికి వెళ్ళాడు. ఇడ్లీ హోటళ్ళు, బిరియానీ హోటళ్ళు, టీ అంగళ్ళు అన్నీ గాలించి, కాళ్ళు బొబ్బలెక్కి తిరిగొచ్చాడు. "ఏ హోటల్లోనూ లేడు తల్లీ" అన్నాడు.

మాకు హోటలంటే తినేది. పడుకునేది లాడ్జి. కొచ్చివాళ్ళకు రెండూ హోటలే. రోజూ ఈ షాపులో కూర్చుని జనానికి నేను చెప్పేదే అది. రొద్దం పెద్దాయన ఒకాయనకు తిరుపతిలో హోటల్ బుక్ చేసిస్తే, దిగీ దిగగానే ఫోన్ చేసి "హోటల్ బాగుండాది గానీ ఈడ ఇడ్లీ లేదంటాండారమ్మా" అని నన్ను తిట్టాడు. ఊరందరికీ చెప్పిన నాకు మా ఇంటి సంగతిలో మాత్రం తట్టలేదు. పిల్లను చంకలో పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది.

ఆ తర్వాత కూడా నాయన ఊరుకోలేదు. ఏటా నాగూరు దర్గా ఉరుసుకు వెళ్ళి కొడుకు కోసం దువా చేసి వస్తాడు. ఊరందరికీ టికెట్లు తీసిచ్చే నేను ఆయనకు మాత్రం ఎప్పుడూ తీయలేదు. "నాకెందుకుమ్మా రిజర్వేషను, జనరల్ పెట్టెలో పోతా" అంటాడు. ఈ యేడు మోకాళ్ళ నొప్పులని వెళ్ళలేదు. పోనీలే, దువా ఫలించింది అనుకున్నాను.

ఇక ఓడ తప్పించే ఆలోచనను పక్కకు తోసేశాను. రఘునాథ్ ఆ పాండికశాల వాకిట్లోకి తన జనాన్నంతా వెంటేసుకుని అడుగుపెట్టాలి. ఎదురుగా గేటు తీస్తూ సాబ్జాన్ నిలబడాలి. గడియ ఎవరు వేయించారో, అంతమంది వింటుండగా, అతని నోటితోనే రావాలి. మా అన్న మీద పడిన బీడీ మచ్చ అక్కడే పోవాలి.

దానికి ఒక్కటే అడ్డం. రఘునాథ్ ఆ హోటల్ తనంతట తాను కోరుకోవాలి. నేను అంటగట్టినట్టు కనబడితే అనుమానమొస్తుంది.

*

"ఏమ్మా, సఫర్ ట్రావెల్స్ మేడమ్ నువ్వేనా? ఫోన్లో గొంతు ఇని ఎవురో పెద్దామె అనుకున్యా."

"కూచోండి సార్. మేడమ్, మీరు ఫ్యాన్ కింద కూచోండి."

రఘునాథ్ నన్ను గుర్తుపట్టలేదు. షెడ్డు కాలినప్పుడు నేను అనంతపురం హాస్టల్లో ఉన్నాను. అయినా పనివాడి చెల్లెలి ముఖం గుర్తుపెట్టుకోవలసిన అవసరం అతనికెందుకు వస్తుంది? చెమట తుడుచుకుని కాళ్ళు బారజాపి కూర్చున్నాడు. అతని భార్య ప్రమీల కుర్చీ అంచున కూర్చుంది, లేవమంటే వెంటనే లేచిపోయేటట్టు.

"షిప్పు టికెట్ల పని అయిపోయింది. ఇంగ హోటల్ సంగతి చెప్పు" అన్నాడు. "మా ఆమె పాత కొచ్చి చూడల్లంటాది. మిరియాల అంగళ్ళంట, పాత బజార్లంట. పాత గోడలు మన పెనుకొండలో కావల్సినన్ని ఉండాయి. దుడ్లు పెట్టి కొచ్చికి పోయి చూడల్నా?"

"ఆడికి పోయి మళ్ళీ ఏసీ రూములో కూచోని ఏం చూస్తాం?" అంది ప్రమీల మెల్లగా.

"నువ్వు రోంత సేపు నోరు మూసుకో."

కంప్యూటరు అతని వైపు తిప్పాను. మొదట రేవు దగ్గరి అద్దాల హోటల్ చూపించాను. లిఫ్టు ఉంది, పొద్దున టిఫిన్ ఉంది, కింద చేపల తొట్టి ఉంది. రఘునాథ్ కళ్ళు మెరిశాయి. "ఇది బాగుండాది" అన్నాడు.

బాగుందని నేనూ అంటే కథ అక్కడికి ముగిసినట్టే.

"మంచి హోటల్ సార్. మొన్న మడకశిర నుంచి ఎరువుల షాపోళ్ళను ఈడనే దింపినా. శానా సంతోషపడినారు."

ఎరువుల షాపు అనగానే పట్టుచీరల షావుకారు ముఖం ముడుచుకుంది. "ఎరువులోళ్ళు దిగిందాంట్లో నేను మా షాపులోళ్ళను దింపల్నా? వేరేది చూపీ."

రెండోది పాత ఊళ్ళోనిదే, చవక. చూసీ చూడగానే పెదవి విరిచాడు. "ఇది లాడ్జి మాదిరి ఉండాది. మాది లాడ్జీల్లో దిగే కుటుంబం కాదమ్మా."

మూడోది తెర మీదకు వచ్చీ రాగానే నేను తీసేశాను. వచ్చిందని అతను చూడాలి, సరిగా చూడకూడదు.

"ఏమిది? ఏమో వచ్చినట్టుండాదే."

"అది వద్దులెండి సార్. అది దొరకదు."

"దొరకదంటే?"

"ఓబుళప్ప సార్ వాళ్ళు పోయినేడు అడిగినారు. ఎంత చెప్పినా ఇయ్యలేదు హోటలోళ్ళు. ఆయనకు రోంత బాధయింది కూడా."

ఇది పచ్చి అబద్ధం. ఓబుళప్పను నేను జన్మలో చూడలేదు. ధర్మవరంలో రఘునాథ్ షాపుకు ఎదురు షాపు ఆయనది, అంతవరకే నాకు తెలుసు. ఓబుళప్ప గోడకు సున్నం వేయిస్తే రఘునాథ్ పైన ఒక అంతస్తు లేపుతాడని ధర్మవరంలో చిన్నపిల్లలు కూడా చెబుతారు.

"ఓబుళప్పకు ఇయ్యలేదా!" రఘునాథ్ ముందుకు వంగాడు. "తియ్యి. తీసి చూపీ."

తీశాను. ఒకప్పటి మిరియాల గోడౌన్ అని చెప్పాను. ఎత్తైన పైకప్పు, టేకు దూలాలు, వాకిట్లో తులసి కోట లాంటి రాతి గద్దె, గోడ అవతల నీళ్ళు. వాచ్‌మన్ ఉన్న ఫోటో మాత్రం చూపించలేదు. ప్రమీల కుర్చీ ముందుకు జరుపుకుని చూసింది. ఆమె కళ్ళలో మొదటిసారి ఇష్టం కనబడింది. వెంటనే ఏదో గుర్తొచ్చినట్టు వెనక్కి తగ్గింది.

"గోడౌన్ అన్నావు కదమ్మా. గోడౌన్ తలుపులకు గడియ బయట ఉంటాది. లోపల్నుంచి తీసుకునేట్ల ఉంటాదా?"

కీబోర్డు మీద నా వేళ్ళు ఆగిపోయాయి.

"నీ తలుపుల పురాణం మళ్ళీ మొదలు పెట్టినావా?" అని రఘునాథ్ నా వైపు తిరిగి నవ్వాడు. "మా ఆమెకు తలుపులంటే భయంలేమ్మా. యాడికి పోయినా మొదలు గడియ చూస్తాది, పెండ్లిండ్లకు పోయినా అంతే. మా షెడ్డు తగలబడినప్పట్నుంచి ఇదే వరస."

"షెడ్డు ఎట్ల తగలబడింది సార్?" అన్నాను.

"ఎవుడో పనోడు. సాయిబు పిల్లోడు. బీడీ తాగి పొయ్యి కాడ పారేసినాడు. వాడు పోయినాడు, నా షెడ్డు పోయింది. మీ సాయిబుల్లో..." అంటూ నా తలమీది ముసుగు చూసి ఆగాడు. "నిన్ను అంటాండేది కాదులేమ్మా. నువ్వు చదువుకున్యావు."

"ఆ పిల్లోని పేరేమి సార్?"

"ఎవునికి గ్యాపకం? శానామంది వస్తారు, పోతారు."

తొమ్మిదేళ్ళుగా మా ఇంట్లో ఆ పేరు పలకని పూట లేదు. అన్నం వడ్డించేటప్పుడు కూడా నాయన ఒక్కోసారి "అయాజ్‌కు తీసిపెట్టినావా" అని అడిగి నాలుక కరుచుకుంటాడు. మా అన్నను చంపినవాడికి ఆ పేరే గుర్తు లేదు. బల్ల మీదున్న పేపర్‌వెయిట్ తీసుకుని అతని నుదుటికి కొట్టాలన్నంత కోపం వచ్చింది. దాన్ని చేత్తో పట్టుకున్నాను కూడా.

"అయాజ్" అంది ప్రమీల.

రఘునాథ్ తల తిప్పి భార్యను చూశాడు. ఆమె నేల చూపులు చూస్తోంది, కానీ చెప్పిన మాట వెనక్కి తీసుకోలేదు. "అయాజ్ ఆ పిల్లోని పేరు" అని ఇంకోసారి అంది.

నేను పేపర్‌వెయిట్ వదిలేశాను. నోరు మాత్రం ఊరుకోలేదు.

"తలుపు తీసుకోని బయటికి ఉరికి రాలేదా సార్ ఆ పిల్లోడు?"

రఘునాథ్ జాపిన కాళ్ళు వెనక్కి తీసుకున్నాడు.

"ఏం?"

"ఊరికే అడిగినా. షెడ్డంటే తలుపుంటాది కదా."

"నీది ధర్మవరమా?"

"పెనుకొండ సార్."

"టికెట్లు అమ్ముకునేదానివి, మా షెడ్డు తలుపు సంగతి నీకెందుకు?" అతను లేచి నిలబడ్డాడు. కారు తాళాలు చేతిలోకి తీసుకున్నాడు. "పా ప్రమీలా. బెంగళూరులో చూసుకుందాం ఈ హోటళ్ళు."

నా కోపానికి నేనే చెప్పు తీసుకుని కొట్టుకోవాలనిపించింది. చేప గాలానికి తగిలాక నీళ్ళలో రాయి వేసే వెర్రిది ఎక్కడైనా ఉంటుందా? మనిషి గడప దగ్గరికి వెళ్ళిపోయాడు. ఇంకొక్క అడుగు వేస్తే సాబ్జాన్ మామ, వాకిలి, అన్న పేరు అన్నీ అతనితోనే మెట్లు దిగిపోతాయి.

"మీ ఇష్టం సార్" అన్నాను, తల కూడా ఎత్తకుండా, కీబోర్డు టకటకలాడిస్తూ. "మేడమ్ తలుపు సంగతి అడిగినారని నేనూ అడిగినా. మీకు వద్దంటే ఓబుళప్ప సార్‌కు ఫోన్ చేసి చెప్తా. ఇప్పుడు దొరుకుతాందని తెలిస్తే ఆయన ఇడిసిపెట్టడు."

గడప దగ్గర చెప్పుల చప్పుడు ఆగింది. నేను ఇంకా తల ఎత్తలేదు. ఎత్తితే నవ్వేస్తానేమోనని భయం.

"ఇప్పుడు దొరుకుతాందా?"

"పొద్దున్నే ఖాళీ చూపించింది. సాయంత్రం దాకా ఉంటాదో లేదో."

రఘునాథ్ వెనక్కి వచ్చి కూర్చున్నాడు. "మొత్తం హోటల్ నాకే రాయి. ఒక్క రూము కూడా బయటోళ్ళకు పోకూడదు. మేము బస్సు దిగేది, లోపలికి వచ్చేది, అంతా వీడియో తీపిస్తా. ఓబుళప్ప చూడల్ల."

"తీపించండి సార్. తప్పకుండా తీపించండి."

మనస్ఫూర్తిగా అన్న మాట అది. సాబ్జాన్ నోరు విప్పేటప్పుడు ఆ కెమెరా కూడా అక్కడే ఉంటుంది. తాడిని తన్నేవాడి తల తన్నేవాడు ఉంటాడంటారు. నా మటుకు నేను ఏ తాడినీ తన్నలేదు, చెట్టెక్కినవాడి చేతికే గొడ్డలి అందించాను. అతని ముందే హోటల్ బుక్ చేశాను. ఇక రద్దు చేసే దారి లేదని చెప్పి, పైకం కట్టించుకున్నాను.

వెళ్ళేటప్పుడు ప్రమీల మెట్ల మీద ఆగి వెనక్కి చూసింది. రఘునాథ్ అప్పటికే చెరుకురసం బండివాడితో రెండో విడత మొదలుపెట్టాడు.

"నీ పేరేమమ్మా?"

"సైమా."

నా ముఖంలో ఏదో వెతికింది. దొరికినట్టే ఉంది. "గడియ లోపలే ఉంటాది కదా?" అంది.

"ఉంటాది మేడమ్. నేను కనుక్కుంటా."

"మంచిది" అని పోయి కారెక్కింది.

*

పెనుకొండ బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఆ దారంతా నవ్వుకుంటూనే ఉన్నాను. పక్కనున్న ఆమె నన్ను చూసి జరిగి కూర్చుంది. పిచ్చిదనుకుని ఉంటుంది. అనుకోనీ.

మా ఇంటి తలుపుకు గడియ లేదు. పెనుకొండలో దిగిన రోజే నాయన పీకి పారేశాడు. అసలు తలుపే మూయనివ్వడు. వానొస్తే జల్లు నట్టింటి దాకా కొడుతుంది. ఎవరింటిదో కుక్క వచ్చి దర్జాగా పడుకుంటుంది. దొంగలొస్తారంటే, "తీసుకోని పోనీలే, మనుషులు బయటికి రాగలిగితే చాలు" అంటాడు. ఇరుగుపొరుగువాళ్ళు మమ్మల్ని తలుపులేని ఖాజాసాబ్ వాళ్ళంటారు. బీడీ ఖాజా కంటే ఇది మేలని నేనూ ఊరుకున్నాను.

నేను వెళ్ళేసరికి పొద్దు వాలుతోంది. దర్గా దారిలో పూలు అమ్ముకుని వచ్చి నాయన గడపలో కూర్చుని మోకాళ్ళకు నూనె రుద్దుకుంటున్నాడు.

"నాయనా, నోరు తెరువు" అని దారిలో కొన్న లడ్డూ నోట్లో పెట్టాను.

"ఏమ్మే, ఏమైంది? దేనికిది?"

"సాబ్జాన్ మామ దొరికినాడు."

నాయన చెయ్యి మోకాలి మీదే ఆగిపోయింది. లడ్డూ నమల్లేదు. సంతోషంతో మాట రావడం లేదనుకున్నాను. ఆపకుండా చెప్పుకుపోయాను. రఘునాథ్ రావడం, ఓబుళప్ప అబద్ధం, ప్రమీల అన్న పేరు పలకడం, వీడియో సంగతి, ఆఖరికి మా హోటల్ తప్పు కూడా చెప్పి పకపకా నవ్వాను.

"నువ్వు ఇడ్లీ హోటళ్ళన్నీ తిరిగితివి నాయనా. అది తినే హోటల్ కాదు, లాడ్జి! మనోళ్ళు తప్ప ఇంగెవురన్నా ఇట్లాంటి తప్పు చేస్తారా?"

నాయన నవ్వలేదు. "రఘునాథ్‌ను ఆడికి పంపిస్తాండావా?" అన్నాడు.

"అవును. మొత్తం హోటల్ వానికే రాసిచ్చినా."

"రద్దు చెయ్యి."

"అయ్యేది కాదు. అయినా ఎందుకు చేయల్ల? ఇన్నేండ్లు ఇందుకే కదా బతికింది మనం?"

"సైమా, నా మాట ఇను. వద్దు తల్లీ."

ముసలితనంలో భయం ఎక్కువవుతుంది. రఘునాథ్ ఏమైనా చేస్తాడని ఆయన భయం అనుకున్నాను. మామ గొంతు వింటే ధైర్యమొస్తుందని అక్కడికక్కడే పాండికశాలకు ఫోన్ కలిపాను. నాయనకు కూడా వినబడాలని స్పీకర్ పెట్టాను. ఆయన చెయ్యి చాపాడు, నేను పక్కకు తిరిగాను.

అటువైపు ఎవరో మలయాళంలో ఏదో అన్నారు. మాట మలయాళం, యాస మాత్రం అచ్చం రొద్దం.

"సాబ్జాన్ మామా, నేను. పెనుకొండ నుంచి."

ఆ గొంతు గలగలమని నవ్వింది.

"సైమానా? ఎంత పెద్ద గొంతయింది తల్లీ నీది! కడాకు నీకు చెప్పేసినాడా మీ నాయన? మంచి పని చేసినాడు. యాడుండాడు? మోకాళ్ళు తగ్గినాయా? ఏటా నాగూరు పేరు చెప్పి వచ్చేటోడు ఈ యేడు రాకపాయె. నేను గేటు దిక్కే చూస్తా కూచున్యా."

నేను నాయన వైపు చూశాను. ఆయన నా వైపు చూడటం లేదు. నూనె చేతిని పంచెకు తుడుచుకుంటున్నాడు, ఇంకా ఇంకా తుడుచుకుంటూనే ఉన్నాడు.

"హలో? సైమా? ఇనపడుతాండాదా?"

నాయన లేచి వచ్చి నా చేతిలోంచి ఫోన్ తీసుకున్నాడు. "మళ్ళీ మాట్లాడతా సాబ్జానూ" అని పెట్టేశాడు. ఇద్దరూ నిన్నే మాట్లాడుకున్నట్టు ఉంది ఆ పిలుపు. ఆయనకు దొరకని మనిషి ఆయనకు మొదటి నుంచీ దొరికే ఉన్నాడు. ఇన్నేళ్ళూ నా ఏడుపు చూస్తూ, నా తిట్లు వింటూ, ఆ మనిషి దగ్గరికే వెళ్ళి వస్తూ ఉన్నాడు. రఘునాథ్ మీద రావలసిన కోపమంతా తిరిగి నా ఇంటి గడపలో నిలబడింది.

"ఎందుకు నాయనా? ఎందుకు దాచిపెట్టినావు? అన్నను చంపినోడు షిప్పులెక్కి తిరుగుతాండాడు. సాక్షిని దాచిపెట్టినావే నువ్వు!"

ఆయన గడపలో పడుకున్న కుక్కను మెల్లగా బయటికి తోలాడు. గోడకు ఆనించి ఉన్న తలుపు రెక్క పట్టుకుని లాగాడు. తుప్పు పట్టిన కీలు కిర్రుమంది. ఈ ఇంట్లో నేను ఎన్నడూ వినని చప్పుడు అది. గడియ లేదు కదా, తలుపు మూసి దానికి వీపు ఆనించి నిలబడ్డాడు.

"కూచో" అన్నాడు. "ఆ రేత్రి గడియ ఏసింది సాబ్జాన్ కాదు."